కోర్టు కాగితం వచ్చిందా? చదవండి, జవాబు చెప్పండి



మీరిప్పుడు కూడబలుక్కుని చదవగలుగుతున్నారు. బస్సు మీద ఊరి పేరు చదువుతున్నారు. రేషను కార్డులో మీ పేరు చూసుకుంటున్నారు. సంఘం పుస్తకంలో వేలిముద్ర మానేసి సంతకం పెడుతున్నారు. ఈ పాఠంలో ఇంకో కాగితం చదవడం నేర్చుకుందాం. అది కోర్టు నుంచి వచ్చే కాగితం.

ఆ కాగితం ఎవరింటికైనా రావచ్చు. దెబ్బలు తిన్న కోడలు రక్షణ కావాలని కోర్టుకు వెళ్తుంది. అప్పుడు కొడుకు పేరున నోటీసు వస్తుంది. అందులో అత్త పేరు కూడా ఉండవచ్చు. ఆడబిడ్డ పేరు కూడా ఉండవచ్చు. అప్పుడేం చేయాలి? ఏం చేయకూడదు?

పైడమ్మ కథ చదవండి. పైడమ్మ, ఆమె ఇంటివాళ్లు ఈ పాఠం కోసం కల్పించిన మనుషులు. ఇందులో చెప్పిన చట్టం మాత్రం నిజమైనదే.

1. కాగితం వచ్చింది

పైడమ్మది బొబ్బిలి పక్క పల్లె. భర్త పోయి పదేళ్లయింది. కొడుకు సింహాచలం తాపీ పని చేస్తాడు. పని ఉంటే విశాఖపట్నం వెళ్తాడు. కోడలు గౌరి. గౌరిది బాడంగి వైపు ఊరు. వాళ్లకు మూడేళ్ల పాప ఉంది.

సింహాచలం తాగుతాడు. తాగిన రోజున గౌరిని కొడతాడు. గౌరి ఓర్చింది. ఓర్చి ఓర్చి, ఒకనాడు పాపను ఎత్తుకుని కన్నవారింటికి వెళ్లిపోయింది. నెల రోజులైంది.

ఒకరోజు పొద్దున్నే కోర్టు మనిషి వచ్చాడు. చేతిలో రెండు కాగితాలున్నాయి.

"పైడమ్మంటే నువ్వేనా? ఇక్కడ సంతకం పెట్టు," అన్నాడు.

"ఏటి బాబూ ఇది?"

"నోటీసు. నీకొకటి, నీ కొడుక్కి ఒకటి."

పైడమ్మకు కాళ్లు వణికాయి. ఆ ఇంట్లో కోర్టు ముఖం చూసినవాళ్లు లేరు. సింహాచలం లోపలినుంచి అరిచాడు.

"అమ్మా, పెట్టకు! తీసుకోకు! తీసుకుంటే తప్పు ఒప్పుకున్నట్టే!"

పక్కింటి నర్సమ్మ అంది, "చింపి పొయ్యిలో పెట్టెయ్ వదినా. మనకి అందలేదందాం."

పైడమ్మ కాసేపు ఆలోచించింది. "ఏటుందో చదవకుండా ఎలగ చింపుతాను?" అంది. కళ్లజోడు తెచ్చుకుంది. వేలు పెట్టి ఒక్కో మాటా చదివింది. తర్వాత సంతకం పెట్టింది. సంతకం కింద తేదీ వేసింది.

పైడమ్మ చేసింది మంచి పని. ఎందుకంటే, నోటీసు మీద సంతకం పెడితే తప్పు ఒప్పుకున్నట్టు కాదు. "ఈ కాగితం నాకు అందింది" అని చెప్పినట్టు, అంతే. తీసుకోకపోయినా కేసు ఆగదు. కాగితాన్ని తలుపుకు అంటించి వెళ్లవచ్చు. అప్పుడూ అందినట్టే లెక్క. చింపేస్తే నష్టం మనకే. లోపల ఏముందో, ఎప్పుడు వెళ్లాలో తెలియకుండా పోతుంది.

2. కాగితంలో ఏం చూడాలి?

కోర్టు కాగితం చేతికి వస్తే కంగారు పడకండి. అయిదు సంగతులు వెతకండి.

ఒకటి: ఏ కోర్టు? పైడమ్మ కాగితంలో బొబ్బిలి మేజిస్ట్రేటు కోర్టు అని ఉంది.

రెండు: కేసు నంబరు ఎంత? మన వైపు ఈ కేసు నంబరు ముందు "డి.వి.సి." అని రాస్తారు. అంటే గృహహింస కేసు అని అర్థం. ఈ నంబరు లేకపోతే కోర్టులో మీ కేసు వెతకడం కష్టం. దీన్ని వేరే పుస్తకంలో రాసి పెట్టుకోండి.

మూడు: కేసు ఎవరు వేశారు? వేసినవారిని పిటిషనరు అంటారు. ఇక్కడ గౌరి.

నాలుగు: ఎవరి మీద వేశారు? వారిని రెస్పాండెంటు అంటారు. అంటే జవాబు చెప్పవలసిన మనిషి. ఇక్కడ ఒకటో రెస్పాండెంటు సింహాచలం. రెండో రెస్పాండెంటు పైడమ్మ.

అయిదు: ఎప్పుడు హాజరు కావాలి? ఆగస్టు 12, ఉదయం 10-30 గంటలకు అని ఉంది. ఇది అన్నిటికంటే ముఖ్యం. ఈ తేదీని వాయిదా అంటారు.

నోటీసుతో పాటు గౌరి పెట్టుకున్న పిటిషను నకలు కూడా ఉండాలి. లేకపోతే మొదటి వాయిదా రోజున కోర్టులో అడగండి. మన మీద ఏమని రాశారో తెలియకుండా జవాబు చెప్పలేం కదా!

3. ఈ చట్టం ఎందుకు వచ్చింది?

ఇదివరకు ఇంట్లో కొట్టుకుంటే "వాళ్ల ఇంటి గొడవ" అనేవారు. పోలీసులూ అదే అనేవారు. పెద్దమనుషులూ అదే అనేవారు.

1983లో మొదటిసారి భార్యను హింసించడం వేరే నేరంగా చట్టంలో రాశారు. అప్పటికి దానికి 498-ఎ అని పేరు. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టం వచ్చింది. ఆ నేరం ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షను కింద ఉంది.

1992 ప్రాంతంలో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మనలాగే అక్షరాలు నేర్చుకున్నారు. చదువుకుంటూ తమ ఇళ్ల సంగతి మాట్లాడుకున్నారు. సారా వల్లే ఇంట్లో దెబ్బలు, పస్తులు అని తేల్చుకున్నారు. సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించింది. ఇంటి బాధ ఊరి సంగతి కూడా అని ఆ ఆడవాళ్లు చూపించారు.

498-ఎ కేసు పెడితే మొగుడు జైలుకు వెళ్లవచ్చు. కాని ఆ రాత్రి ఆమె ఎక్కడ పడుకోవాలి? పిల్లలకు తిండి ఎలా? దానికి ఆ చట్టంలో జవాబు లేదు. అందుకే 2005లో గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం చేశారు. అది 2006 అక్టోబరు 26 నుంచి అమలులోకి వచ్చింది.

ఈ చట్టంలో హింస అంటే కొట్టడం ఒక్కటే కాదు. బూతులు తిట్టడం హింస. పిల్లలు పుట్టలేదని, మగపిల్లాడు పుట్టలేదని దెప్పడం హింస. ఇష్టం లేకుండా బలవంతం చేయడం హింస. తిండికి డబ్బు ఇవ్వకపోవడం, ఆమె నగలు లాక్కోవడం కూడా హింసే.

కోర్టు ఏం ఇవ్వగలదు? ముఖ్యంగా అయిదు:
రక్షణ ఉత్తర్వు – కొట్టకూడదు, బెదిరించకూడదు, ఆమె ఉన్న చోటికి వెళ్లకూడదు అని.
నివాస ఉత్తర్వు – ఆమెను ఇంట్లోనుంచి వెళ్లగొట్టకూడదు అని.
డబ్బు – ఆమెకు, పిల్లలకు ఖర్చుల కోసం.
పిల్లల సంరక్షణ – కేసు నడిచేదాకా పిల్లలు ఎవరి దగ్గర ఉండాలి అని.
నష్టపరిహారం – పడిన బాధకు.

ఇది వెంటనే జైలులో పెట్టే కేసు కాదు. నోటీసు వచ్చిందంటే అరెస్టు కాదు. "నీ మాట కూడా చెప్పుకో" అని కోర్టు పిలిచింది. అది మరిచిపోకండి.

4. ఆ రాత్రి చేయకూడని పనులు

ఆ సాయంత్రం సింహాచలం తాగి వచ్చాడు.

"బాడంగి ఎల్తాను. దాని సంగతి తేలుస్తాను. పాపను ఎత్తుకొచ్చేత్తాను," అన్నాడు.

తర్వాత ట్రంకు పెట్టె వైపు చూశాడు. "దాని బంగారం నీ పెట్టెలో ఉంది గదే. తాకట్టు పెట్టి వకీలుకి ఇద్దాం," అన్నాడు.

పెట్టెలో గౌరి పెళ్లినాటి రెండు తులాల గొలుసు ఉంది. పుట్టింటివాళ్లు పెట్టింది. "బద్రంగా ఉంతాది అత్తా" అని గౌరే ఇచ్చింది.

పైడమ్మ పెట్టె మీద కూర్చుంది. "ఇది నీదీ కాదు, నాదీ కాదు. దానిది. ముట్టుకుంటే ఊరుకోను," అంది.

పైడమ్మ ఆ రాత్రి కొడుకును కదలనివ్వలేదు. అలా చేసి కొడుకును కాపాడింది. గౌరినీ కాపాడింది. నోటీసు వచ్చాక ఈ పనులు చేయకూడదు:

కేసు వేసిన మనిషి ఇంటికి వెళ్లి గొడవ చేయకండి. ఫోను చేసి తిట్టకండి. బంధువులను పంపి బెదిరించకండి. అలా చేస్తే ఆమె రాసిన దానికి మీరే సాక్ష్యం ఇచ్చినట్టు.

పిల్లలను ఎత్తుకు రాకండి. చూడాలని ఉంటే కోర్టును అడగండి. కోర్టు రోజు, చోటు చెప్పి చూపించే ఏర్పాటు చేయగలదు.

ఆమె నగలు, సామాను, సారె అమ్మకండి. తాకట్టు పెట్టకండి. అది ఆమె సొత్తు. దాన్ని స్త్రీధనం అంటారు. తిరిగి ఇవ్వమని కోర్టు చెప్పగలదు.

ఇల్లు, పొలం హడావుడిగా ఇంకొకరి పేర రాయకండి.

తెల్ల కాగితం మీద సంతకం పెట్టకండి. వకీలు అడిగినా సరే, ఏమి రాశారో చదివించుకుని పెట్టండి.

5. వకీలు ఎక్కడ దొరుకుతాడు?

"వకీలుకి డబ్బెక్కడిది పంతులమ్మా?" అని పైడమ్మ చదువుల కేంద్రంలో అడిగింది.

ఇది అందరూ తెలుసుకోవలసిన సంగతి. 1987లో న్యాయ సేవల చట్టం చేశారు. 1995 నవంబరు 9 నుంచి అమలులో ఉంది. ఆ చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయం ఎంత ఉన్నా ఉచితంగా వకీలును ఇస్తారు. ఎస్సీ, ఎస్టీలకూ, పిల్లలకూ అంతే. మిగతా మగవాళ్లలో చాలామందికి ఆదాయం పరిమితికి లోపల ఉండాలి.

కేసు వేసిన గౌరికి ఉచిత వకీలు దొరుకుతాడు. కేసు వేయించుకున్న పైడమ్మకూ దొరుకుతాడు. ఇద్దరూ ఆడవాళ్లే కదా! ఒకే వకీలు ఇద్దరికీ ఉండడు. వేరు వేరు వకీళ్లను ఇస్తారు.

కోర్టు ఆవరణలో మండల న్యాయ సేవల కమిటీ ఉంటుంది. జిల్లా సంస్థ విజయనగరంలో ఉంది. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు. అర్జీ తెల్ల కాగితం మీద రాస్తే చాలు. పైడమ్మ ఇలా రాసింది. మీరూ చూసి రాయండి.

"మండల న్యాయ సేవల కమిటీ అధ్యక్షుల వారికి,
నా పేరు పైడమ్మ. నా మీద గృహహింస కేసు ఉంది. కేసు నంబరు ఇక్కడ రాస్తున్నాను. ఆగస్టు 12న వాయిదా ఉంది. నేను ఆడమనిషిని. నాకు ఉచితంగా వకీలును ఇప్పించమని కోరుతున్నాను. నోటీసు నకలు దీనితో పెట్టాను.
ఇట్లు,
పైడమ్మ."

ఏడు వాక్యాలు. రాయడానికి పైడమ్మకు గంట పట్టింది. ఒక్క మాట కూడా ఇంకొకరు రాయలేదు.

6. జవాబు ఎలా చెప్పాలి?

కోర్టుకు రాసి ఇచ్చే జవాబును కౌంటరు అంటారు. పైడమ్మ వకీలమ్మ ముందు కూర్చుంది. వకీలమ్మ పిటిషను చదివి వినిపించింది.

"మీ అబ్బాయి కోడల్ని కొట్టాడని రాసింది. నిజమేనా?"

పైడమ్మ తల వంచుకుంది.

"జూన్ 20 మధ్యాహ్నం మీరు చీపురుకట్టతో కొట్టారని రాసింది. నిజమేనా?"

"లేదమ్మా! ఆ రోజు నాను ఇంట్లోనే లేను. సంఘం మీటింగుకి ఎల్లినాను."

"సాక్ష్యం ఉందా?"

"సంఘం పుస్తకంలో నా సంతకం ఉంది. తేదీ కూడా ఏసినాను."

వకీలమ్మ ఆ పుస్తకంలో ఆ పేజీ నకలు తెమ్మంది. వేలిముద్ర వేసిన రోజుల్లో పైడమ్మ ఎన్నడూ తేదీ వేయలేదు. ఇప్పుడు ఆ తేదీయే ఆమెకు సాక్షి అయింది.

"నీ బంగారం అత్త దగ్గర ఉండిపోయిందని రాసింది. ఉందా?"

"ఉంది. పెట్టెలో ఉంది. ఎప్పుడడిగితే అప్పుడిస్తాను."

వకీలమ్మ చెప్పింది, "చూడమ్మా, జవాబు మూడు రకాలు. నిజమైతే నిజమని రాయాలి. కాకపోతే కాదని రాసి, ఎందుకు కాదో చెప్పాలి. మనకు తెలియనిది అయితే తెలియదని రాయాలి. అంతా అబద్ధం అని ఒక్క మాట రాసేస్తే కోర్టు నమ్మదు. ప్రమాణం చేసి అబద్ధం చెప్పడం నేరం కూడా."

మళ్లీ అడిగింది, "మీ అబ్బాయి కొట్టడం మీరు చూశారా?"

పైడమ్మ చాలాసేపు మాట్లాడలేదు. కొడుకు ఒక్కడే. ముసలితనంలో కూడు పెట్టేది వాడే. వాడికి ఎదురు చెప్తే తన గతి ఏమిటి? కాని కళ్లముందు గౌరి మెడ మీద వాచిన గీత కనపడింది. ఒకప్పుడు తన మెడ మీదా అలాంటి గీత ఉండేది. అప్పుడు తన అత్త తలుపు వేసుకుని లోపల కూర్చునేది.

"సూసినాను," అంది. "రెండుసార్లు సూసినాను. అడ్డం ఎల్లలేదు. అది కూడా రాయండి."

వకీలమ్మ అదే రాసింది. చదివి వినిపించింది. పైడమ్మ తానూ చదువుకుని సంతకం పెట్టింది. "మీ మాట, మీ అబ్బాయి మాట ఒకటి కాదు. ఆయనకు వేరే వకీలు ఉండాలి," అని వకీలమ్మ చెప్పింది. సింహాచలం వేరే వకీలును పెట్టుకున్నాడు. వారం రోజులు తల్లితో మాట్లాడలేదు.

డబ్బు సంగతి కూడా దాచకూడదు. 2020 నవంబరు 4న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. భరణం కేసులో ఇద్దరూ తమ సంపాదన, ఆస్తి, అప్పులు ప్రమాణం చేసి రాసి ఇవ్వాలని చెప్పింది. భరణం అర్జీ పెట్టిన రోజు నుంచి లెక్క కట్టాలని కూడా చెప్పింది. అందుచేత వాయిదాలు సాగదీస్తే లాభం లేదు. బాకీ పెరుగుతుంది.

7. కోర్టులో ఏం జరుగుతుంది?

గృహహింస కేసును 60 రోజులలో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతుంది. చాలా కేసులకు అంతకంటే ఎక్కువే పడుతుంది.

మొదటి వాయిదాకు తప్పక వెళ్లండి. వెళ్లకపోతే కోర్టు అవతలివారి మాట ఒక్కటే విని ఉత్తర్వు ఇవ్వవచ్చు. దానిని ఎక్స్‌పార్టీ అంటారు. ప్రమాదం ఎక్కువ అనిపిస్తే కోర్టు ముందుగానే తాత్కాలిక ఉత్తర్వు ఇవ్వగలదు. అది వచ్చినా మీ జవాబు వింటారు. మీ దారి మూసుకుపోలేదు.

ప్రతి వాయిదాకు ముసలివాళ్లూ, రోగిష్టివాళ్లూ పరుగెత్తాలా? అక్కర లేదు. 2015లో హైదరాబాదులో రెండు తెలుగు రాష్ట్రాలకు ఒకే హైకోర్టు ఉండేది. ఈ కేసులలో తగిన కారణం లేకుండా అందరినీ స్వయంగా రమ్మని పట్టుబట్టకూడదని ఆ హైకోర్టు చెప్పింది. వకీలు హాజరైతే సరిపోతుంది. సాక్ష్యం రోజున, మాట్లాడడానికి పిలిచిన రోజున మాత్రం వెళ్లాలి.

కోర్టు ఇద్దరినీ కౌన్సెలింగుకు పంపవచ్చు. అక్కడ గొడవ పెట్టుకోకండి. కొట్టినవాడు "నువ్వు ఇలా చేశావు కనుక కొట్టాను" అని సమర్థించుకోకూడదు. కొట్టడానికి ఏ కారణమూ చాలదు. రాజీ పడాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. ఆమెను బలవంతం చేయకూడదు.

రక్షణాధికారి అనే అధికారి ఉంటారు. మన రాష్ట్రంలో మహిళా శిశు సంక్షేమ శాఖవారు ఈ పని చూస్తారు. వారు వచ్చి అడిగితే తలుపు వేయకండి. జరిగింది జరిగినట్టు చెప్పండి.

8. ఉత్తర్వు వచ్చాక

పైడమ్మ ఇంటి కేసులో కోర్టు ఇలా చెప్పిందనుకోండి. సింహాచలం గౌరిని కొట్టకూడదు. ఆమె ఉన్న ఇంటికి వెళ్లకూడదు. ఫోనులో బెదిరించకూడదు. నెలకు 3,000 రూపాయలు ఇవ్వాలి. పైడమ్మ గొలుసు తిరిగి ఇవ్వాలి.

ఉత్తర్వు నకలు ఇద్దరికీ ఉచితంగా ఇస్తారు. ఇంటికి తెచ్చి ఒక్కో మాటా చదవండి. ఏది చేయవద్దన్నారో దాని కింద గీత గీయండి.

రక్షణ ఉత్తర్వు దాటితే అది నేరం. ఒక సంవత్సరం దాకా జైలు, లేదా 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పోలీసులు వారంటు లేకుండా పట్టుకోవచ్చు. బెయిలు హక్కుగా రాదు. ఆమె ఒక్కతె సాక్ష్యం మీదనే కోర్టు నమ్మి శిక్ష వేయవచ్చు. "పాపను చూడాలని వెళ్లాను" అన్నా కుదరదు. "పండక్కి చీర ఇద్దామని వెళ్లాను" అన్నా కుదరదు. చూడాలంటే ముందు కోర్టును అడగాలి.

ఉత్తర్వు తప్పు అనిపిస్తే ఏం చేయాలి? సెషన్సు కోర్టుకు అప్పీలు చేసుకోవాలి. గడువు 30 రోజులు. అప్పీలు వేసినంత మాత్రాన ఉత్తర్వు ఆగిపోదు. పై కోర్టు ఆపమంటేనే ఆగుతుంది. అందాకా దానికి లోబడాలి.

పరిస్థితి మారితే ఉత్తర్వు మార్చమని కూడా అడగవచ్చు. పని పోయింది, జబ్బు చేసింది అనుకోండి. ఊరుకుంటే బాకీ నిలిచిపోతుంది. కోర్టుకు చెప్పుకుంటే కోర్టు ఆలోచిస్తుంది.

పైడమ్మ గొలుసును కోర్టులో అప్పగించింది. రసీదు తీసుకుంది. ఆ రసీదు చదివి, మడత పెట్టి, రేషను కార్డుతో పాటు దాచింది.

9. మన అక్కలు అడిగిన ప్రశ్నలు

"ఇల్లు అత్త పేర ఉంటే కోడలికి హక్కేటి?"

కోడలు కాపురం చేసిన ఇంటిని ఉమ్మడి నివాసం అంటారు. అది అత్తమామల పేర ఉన్నా కోడలు అక్కడ ఉండే హక్కు అడగవచ్చని 2020 అక్టోబరు 15న సుప్రీంకోర్టు చెప్పింది. ఇల్లు ఆమె సొంతం అయిపోదు. అత్తమామల బతుకు కూడా కోర్టు చూడాలి. అయితే ఆమెను మెడపట్టి గెంటడం కుదరదు. చట్టప్రకారమే నడవాలి.

"అయితే కోర్టు నన్ను నా ఇంట్లోంచి పొమ్మంటుందా?"

మగవాడిని ఇంట్లోనుంచి వెళ్లమని కోర్టు చెప్పగలదు. ఆడదానిని అలా వెళ్లమని ఈ చట్టం కింద చెప్పకూడదు. చట్టంలోనే ఆ మాట ఉంది. పైడమ్మ రోడ్డున పడదు.

"ఆడవాళ్ల మీద కూడా ఈ కేసు వేయవచ్చా?"

వేయవచ్చు. మొదట చట్టంలో మగవాళ్ల మీదే వేయాలని ఒక మాట ఉండేది. 2016 అక్టోబరు 6న సుప్రీంకోర్టు ఆ మాట కొట్టేసింది. అందుచేత అత్తలూ ఆడబిడ్డలూ జవాబు చెప్పవలసి వస్తుంది. అత్తకు కూడా ఇదే చట్టం రక్షణ ఇస్తుంది. కొడుకు తల్లిని కొడితే తల్లి కూడా ఈ చట్టం కింద కోర్టుకు వెళ్లవచ్చు.

"మొగుడు పెళ్లాం మీద ఈ రక్షణ అడగవచ్చా?"

మన దేశంలో ఈ చట్టం కింద అడగడానికి ఆడవారికే హక్కు ఉంది. మగవాడికి దెబ్బ తగిలితే పోలీసులకు ఫిర్యాదు ఇచ్చుకోవచ్చు. అమెరికాలో అలా కాదు. అక్కడ భార్యాభర్తలలో ఎవరైనా రక్షణ ఉత్తర్వు అడగవచ్చు. మన పిల్లలు ఇప్పుడు ఆ దేశాలకూ వెళ్తున్నారు. అక్కడ ఉన్న మన అమ్మాయికి మొగుడే నోటీసు ఇప్పించవచ్చు. అక్కడా సూత్రం ఒకటే. నోటీసు చదవాలి. వాయిదాకు వెళ్లాలి. ఉత్తర్వు దాటకూడదు. తన మాట, తన సాక్ష్యం కోర్టు ముందు పెట్టాలి.

"కోడలు అబద్ధం రాస్తే?"

అందుకే జవాబు రాయమని చెప్పేది. పైడమ్మకు సంఘం పుస్తకం ఉంది. మీకు ఆసుపత్రి చీటీ ఉండవచ్చు, బస్సు టికెట్టు ఉండవచ్చు, పక్కింటి సాక్షి ఉండవచ్చు. ఊరంతా తిరిగి ఆమెను తిడితే అది సాక్ష్యం కాదు. ఒక్క మాట తప్పు రాసిందని మిగతా దెబ్బలన్నీ అబద్ధం అయిపోవు. ఈ సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

"మరి గౌరి తిరిగి వచ్చిందా?"

రాలేదు. రావాలో వద్దో గౌరి తేల్చుకోవాలి. సింహాచలం తాగుడు మానాలో వద్దో సింహాచలం తేల్చుకోవాలి. ఇది కోర్టు చేయగల పని కాదు. కోర్టు దెబ్బను ఆపగలదు. ప్రేమను తేలేదు.

10. కొత్త మాటలు

నోటీసు – కోర్టుకు రమ్మని పిలిచే కాగితం.
పిటిషనరు – కేసు వేసిన మనిషి.
రెస్పాండెంటు – జవాబు చెప్పవలసిన మనిషి.
కౌంటరు – రాసి ఇచ్చే జవాబు.
వాయిదా – కోర్టుకు హాజరయ్యే తేదీ.
ఎక్స్‌పార్టీ – ఒక పక్షం రాకుండా ఇచ్చిన ఉత్తర్వు.
స్త్రీధనం – ఆడదాని సొంత సొత్తు.
అప్పీలు – పై కోర్టుకు వెళ్లడం.

చదివారా? జవాబు చెప్పండి

1. నోటీసు మీద సంతకం పెడితే తప్పు ఒప్పుకున్నట్టా?
2. పైడమ్మ కొడుకును బాడంగి ఎందుకు వెళ్లనివ్వలేదు?
3. ఉచిత వకీలు ఎవరెవరికి ఇస్తారు?
4. ఉత్తర్వు ఆగస్టు 5న చేతికి వచ్చింది. 30 రోజులు ఏ తేదీకి పూర్తవుతాయి? వేళ్ల మీద లెక్క పెట్టండి. (జవాబు: సెప్టెంబరు 4)

కలిసి మాట్లాడండి

"సూసినాను. అడ్డం ఎల్లలేదు. అది కూడా రాయండి" అని పైడమ్మ అంది. కొడుకుకు ఎదురుగా తల్లి అలా చెప్పవచ్చా? మీరైతే ఏం చేసేవారు? సంఘంలో కూర్చుని మాట్లాడుకోండి. అత్తలు ఒక వైపు, కోడళ్లు ఒక వైపు కూర్చోకండి. కలిసి కూర్చోండి.

చేసి చూడండి

మీ పుస్తకంలో చివరి పేజీ మీద ఈ నంబర్లు మీ చేతితో రాయండి. మహిళల సహాయానికి 181. ఆపద వస్తే 112. ఉచిత వకీలు కోసం 15100. రాసిన తర్వాత మీ కోడలి చేత చదివించండి. కోడలు లేకపోతే కూతురి చేత చదివించండి. వాళ్లకు కూడా ఈ నంబర్లు కావాలి.